తుపాను ఒకవైపు, మూసిన తలుపు ఒకవైపు

తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరుబిళ్ల. బిళ్ల మీద 'ఎల్డర్' అని ఉంటుంది, పక్కన ఇంటిపేరు ఉంటుంది. అమ్మ పెట్టిన పేరు ఉండదు. రెండేళ్ల పాటు ఆ పేరుతో పిలిచేవాళ్లూ ఉండరు. పొద్దున్న ఆరున్నరకు లేవాలి. వ్యాయామం, స్నానం, టిఫిను, గ్రంథపఠనం అయ్యాక వీధిలోకి వెళ్లాలి. రాత్రి పదిన్నరకల్లా దీపం ఆర్పేయాలి. జతగా ఇచ్చిన 'కంపానియన్' ఎప్పుడూ కంటికి ఆనేంత, మాట వినిపించేంత దగ్గరలో ఉండాలి. ఆ జతగాణ్ణి తను ఎంచుకోలేదు. పడినా పడకపోయినా పై నుంచి బదిలీ కబురు వచ్చేదాకా వాడితోనే తిండి, వాడితోనే నిద్ర. ప్రేమించిన అమ్మాయికి ఉత్తరాలు రాసుకోవచ్చు గానీ వెళ్లి చూసే వీల్లేదు. ఇంటికి ఫోను కూడా క్రిస్మస్‌కి ఒకసారి, మదర్స్ డేకి ఒకసారి అన్న పద్ధతే చాలాకాలం నడిచింది. వారం వారం మాట్లాడుకోవచ్చని సడలించింది 2019 ఫిబ్రవరిలో. ఇన్ని కట్టుబాట్లున్నా ఇది జీతం వచ్చే కొలువు కాదు. ఖర్చు కుర్రాడి కుటుంబమో, ఊళ్లో సంఘమో భరించాలి.

లోకం మార్మన్లు అని పిలిచే యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో మతప్రచార 'మిషన్'కి వెళ్లిన కుర్రాడి దినచర్య ఇది. ఆ పిలుపు వాడొద్దని, పూర్తి పేరుతోనే పిలవాలని 2018లో సంఘం కోరింది. నేను మాట్లాడబోయే రెండు సినిమాలూ అంతకు చాలా ముందు వచ్చినవి, కాబట్టి పాత మాట కూడా అక్కడక్కడ దొర్లుతుంది.

ఒకటి 2000 మార్చిలో విడుదలైన 'గాడ్స్ ఆర్మీ'. రచన, దర్శకత్వం, నిర్మాణం, ముఖ్యపాత్ర అన్నీ రిచర్డ్ డచరే. సుమారు 3 లక్షల డాలర్లతో తీస్తే 25 లక్షలకు పైగా వసూలు చేసింది. రెండోది 2001 డిసెంబరులో వచ్చిన 'ది అదర్ సైడ్ ఆఫ్ హెవెన్'. దర్శకుడు మిచ్ డేవిస్. 'షిండ్లర్స్ లిస్ట్'కి ఆస్కార్ అందుకున్న నిర్మాతల్లో ఒకరైన జెరాల్డ్ మోలెన్ దీని నిర్మాణంలో పాలుపంచుకున్నారు. ఖర్చు దాదాపు 70 లక్షల డాలర్లు. రెంటి మధ్యా రెండేళ్ల ఎడం కూడా లేదు. రెండూ లోపలివాళ్లు తీసినవే. రెండింట్లోనూ ఒక అమెరికన్ కుర్రాడు ఇల్లు వదిలి తెలియని చోటికి వెళ్తాడు. అయినా పక్కపక్కన పెట్టి చూస్తే ఇవి ఒకే అనుభవం గురించి తీసినవేనా అన్న అనుమానం వస్తుంది. నేను రెండూ ఒకే వారంలో చూశాను. రెండో సినిమా సముద్రం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కానీ మొదటి సినిమాలోని ఇరుకు అపార్టుమెంటు మాత్రం మనసులోంచి పోవడం లేదు.

ముందు సముద్రం సంగతి. జాన్ గ్రోబర్గ్ అనే ఐడహో ఫాల్స్ కుర్రాడు 1950లలో టోంగా దీవులకు మిషన్ మీద వెళ్లాడు. ఆ అనుభవాన్ని దాదాపు నలభై ఏళ్ల తర్వాత, సంఘంలో పెద్ద హోదాకు చేరుకున్నాక, పుస్తకంగా రాశాడు. ఆ పుస్తకమే ఈ సినిమాకు ఆధారం. గ్రోబర్గ్‌గా క్రిస్టఫర్ గోరమ్, అతని ప్రియురాలు జీన్‌గా ఆన్ హాథవే నటించారు. కుర్రాడు ఓడలు మారి మారి నియువాటోపుటాపు అనే మారుమూల దీవి చేరతాడు. భాష రాదు. దోమలు, ఎలుకలు పీడిస్తాయి. తర్వాత పెను తుపాను వచ్చి దీవిని ఊడ్చేస్తుంది. తిండి అయిపోతుంది, జనం డొక్కలు ఎండిపోయి కూర్చుంటారు. మామిడిచెట్టు మీంచి పడి ఊపిరి ఆగిన పిల్లవాణ్ణి కుర్రాడి ఒళ్లో పెడతారు. పడవ మీద నడిసముద్రంలో తుపాను లేస్తుంది, అలలు మనుషుల్ని విసిరిపారేస్తాయి.

ఇవన్నీ జరిగినవేనని గ్రోబర్గ్ చెప్పుకున్నాడు. ఆయన్ని శంకించడం నా ఉద్దేశం కాదు. నా ఫిర్యాదల్లా లెక్క గురించి. ఆయన టోంగాలో గడిపింది దాదాపు మూడేళ్లు, అంటే ఇంచుమించు వెయ్యి రోజులు. తుపాను, ఆకలి, పడవ ప్రమాదం, పిల్లవాడు అన్నీ కలిపితే ఎన్ని రోజులవుతాయి? ఓ నెల, కాదంటే రెండు నెలలు. మిగిలిన తొమ్మిది వందల పైచిలుకు రోజులు ఎక్కడికి పోయాయి? నలభై ఏళ్ల తర్వాత తలచుకునే మనసు వాటిని జల్లెడ పట్టేసింది. పెద్దవాటిని పుస్తకం ఉంచుకుంది. వాటిలోనూ మరీ పెద్దవాటిని సినిమా ఉంచుకుంది. చివరికి మిగిలింది సాహసగాథ. సాహసగాథలో అన్నీ ఉంటాయి, మంగళవారం మధ్యాహ్నం మాత్రం ఉండదు.

అలాగని ఈ సినిమాను తీసిపారేయడానికి నా చేయి రాదు. ఒక్క ఘట్టం కోసమైనా చూడమంటాను. భాష రాక, ఎవరితోనూ నాలుగు మాటలు ఆడలేక నలిగిపోయిన కుర్రాడు రెండు బైబిళ్లు పట్టుకుని కూర్చుంటాడు. ఒకటి ఇంగ్లీషు, ఒకటి టోంగన్. ఇక్కడ ఒక వాక్యం చదివి, అక్కడ అదే వాక్యం వెతికి, వేలు పెట్టి, పెదాలు కదిపి, మళ్లీ మొదటికి వస్తాడు. పొద్దు పోతుంది, మళ్లీ పొద్దు పొడుస్తుంది. పురుగులు కుడుతున్నా లేవడు. చూస్తుంటే చిన్నప్పుడు పెద్ద బాలశిక్ష ముందు బాసింపట్టు వేసుకుని కూర్చోబెట్టిన పిల్లలు గుర్తొచ్చారు. కండబలం, అలల ఆర్భాటం ఏవీ లేకుండా ఈ సినిమా గుండెను తాకింది ఇక్కడే. భాష రాని ఊళ్లో మనిషి మళ్లీ పసివాడైపోతాడన్న నిజం ఈ కొద్ది నిమిషాల్లో కనబడినంత స్పష్టంగా తుపానులో కనబడలేదు.

ఇంకొకటి, ఎలుకల ఘట్టం. నిద్రలో ఎలుకలు కుర్రాడి అరికాళ్లు కొరికేస్తాయి. పొద్దున్న లేచి నిలబడలేడు. దేవుడి పని మీద వచ్చినవాడు అరికాళ్లు ఎండకు చాపి దిక్కులు చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. ఏ పనీ చేయలేని ఆ ఖాళీ రోజులను కెమెరా ఇంకాసేపు చూసి ఉంటే బాగుండేది. తొందరపడి తర్వాతి గండానికి వెళ్లిపోయింది.

ఇక అపార్టుమెంటు. 'గాడ్స్ ఆర్మీ'లో పంతొమ్మిదేళ్ల ఎల్డర్ అలెన్ క్యాన్సస్ నుంచి లాస్ ఏంజిల్స్‌లో దిగుతాడు. సముద్రం దాటలేదు, దేశం దాటలేదు, అందరూ మాట్లాడేది తన భాషే. అయినా నాకు గ్రోబర్గ్ కంటే అలెనే ఇంటికి ఎక్కువ దూరంలో ఉన్నట్టు అనిపించాడు. గ్రోబర్గ్‌కు నమ్మకం ఉంది, ఉత్తరాలు రాసే జీన్ ఉంది. అలెన్‌కు తను చాటాల్సిన దాని మీద తనకే నమ్మకం లేదు. వీధిలో తలుపు కొట్టి ఇది సత్యమని చెప్పాలి. అది సత్యమో కాదో తను ఇంకా తేల్చుకోలేదు. ఇంటి విషయాల్లో లోపల మానని గాయాలు వేరే ఉన్నాయి. వచ్చీ రాగానే తిరిగి వెళ్లిపోవాలనిపిస్తుంది.

అతనికి జతగా, శిక్షకుడిగా దొరికింది ఎల్డర్ డాల్టన్. డచర్ తనే వేసిన పాత్ర. వయసు 29. పందొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లల మధ్య ముసలివాడి కింద లెక్క, అందుకే అందరూ 'పాప్స్' అంటారు, మనం తాతయ్య అన్నట్టు. అతని తలలో కణితి ఉంది. వైద్యం కోసం ఇంటికి వెళ్లడు, మిషన్ మధ్యలో వదలడు.

సినిమాలో నడకే ఎక్కువ. ఎండలో, టైలు బిగించుకుని, గడప తర్వాత గడప. తలుపు తెరుచుకుంటుంది, మాట పూర్తి కాకముందే మూసుకుంటుంది. ఒకరు కసురుకుంటారు, ఒకరు నవ్వుతారు, ఒకరు అసలు తలుపే తీయరు. డచర్ దీన్ని తేలిగ్గా దాటవేయలేదు. ఈ తిరస్కారమే మిషన్‌లో నిత్యాన్నమని ఆయనకు తెలుసు. యువకుడిగా తను మెక్సికోలో మిషన్ చేసి వచ్చినవాడు. సాయంత్రం గదికి చేరాక కుర్రాళ్లు అల్లరి చేస్తారు, ఒకరి మీద ఒకరు మోటు హాస్యాలు వేసుకుంటారు, వంటగదిలో కొట్లాడుకుంటారు. అప్పటి మార్మన్ ప్రేక్షకుల్లో కొందరు ఈ అల్లరి చూసి నొచ్చుకున్నారు కూడా. నాకు మాత్రం ఆ అల్లరి లేకపోతే సినిమాకు ప్రాణం లేదనిపించింది. పగలల్లా తలుపుల ముందు చిన్నబుచ్చుకున్న పిల్లలు రాత్రి అలా నవ్వుకోకపోతే తెల్లారి మళ్లీ ఎలా లేస్తారు?

ఈ గదిలోనే ఎల్డర్ కినగర్ ఉన్నాడు. సంఘాన్ని విమర్శించే పుస్తకాలు చదువుతుంటాడు. మొదట ఏదో తెలుసుకుందామని మొదలుపెట్టిన చదువు, పోను పోను కాళ్ల కింద నేలను తొలిచేస్తుంది. చివరికి సంచి సర్దుకుని వెళ్లిపోతాడు. పాప్స్ ఆపడానికి వెంటపడతాడు, బతిమాలతాడు, ఆపలేకపోతాడు. విశ్వాసులు విశ్వాసుల కోసం తీసిన సినిమాలో, విశ్వాసం పోగొట్టుకున్నవాడికి ఇంత చోటు ఇవ్వడానికి గుండెధైర్యం కావాలి. కినగర్‌ను దుర్మార్గుణ్ణి చేస్తే పని సులువయ్యేది. డచర్ ఆ సులువు కోరుకోలేదు. వెళ్లిపోయేవాడి ముఖంలో వాడు పోగొట్టుకున్నదంతా కనిపిస్తుంది.

ఎల్డర్ బ్యాంక్స్ ఘట్టం ఇంకా పదునైనది. బ్యాంక్స్ నల్లజాతి కుర్రాడు. ఒకచోట నల్లజాతివాళ్లే అతన్ని నిలదీస్తారు. నీ జాతివాళ్లకు యాజకత్వం నిరాకరించిన సంఘం తరఫున మా దగ్గరకు ఎలా వచ్చావని అడుగుతారు. ఆ నిషేధం 1978 జూన్ దాకా అమల్లో ఉన్నమాట నిజం. కుర్రాడు పారిపోడు, చరిత్రను కప్పిపుచ్చడు, తన విశ్వాసాన్నీ వదులుకోడు. ఆ ప్రశ్నకు ఒక్క జవాబుతో తీరిపోయే ముగింపు లేదని మనకు తెలుస్తూనే ఉంటుంది. మిషన్ జీవితంలో రోజూ ఎదురయ్యే బరువు ఇలాంటిది. తను పుట్టకముందు పెద్దలు చేసినదానికి ఒక అపరిచితుడి గడప మీద నిలబడి తనే సంజాయిషీ చెప్పుకోవాలి.

ఈ ప్రమాణంతో 'అదర్ సైడ్ ఆఫ్ హెవెన్'ను చూస్తే పెద్ద లోటు బయటపడుతుంది. ఆ కుర్రాడు ఏ సంఘం వాడో, ఆ సంఘం ఏం నమ్ముతుందో సినిమా దాదాపుగా చెప్పదు. బయటి ప్రేక్షకులు బెదరకూడదని కాబోలు. దానివల్ల దీవివాళ్లు ఎందుకు వద్దన్నారో, ఎందుకు ఒప్పుకున్నారో మనకు అందదు. మంచి కుర్రాడు వచ్చాడు, మంచి చేశాడు, మంచివాళ్లు మెచ్చుకున్నారు. అడిగేవాడు లేనిచోట సాక్ష్యానికి విలువేముంది? అలెన్ సంశయపడ్డాడు కనుకనే, గ్రంథం ముందు పెట్టుకుని మోకాళ్ల మీద ప్రార్థన చేసిన రాత్రికి బరువు వచ్చింది. గ్రోబర్గ్ చేత సినిమా అలాంటి రాత్రి ఒక్కటి కూడా గడిపించలేదు.

ఇక్కడ ఫెకీ గురించి చెప్పాలి. గ్రోబర్గ్‌కు జతగా ఉన్న టోంగన్ యువకుడు. భాషలో, తోవలో, మర్యాదల్లో కుర్రాడికి చేయూత ఇచ్చేది అతనే. కానీ అతని ఇల్లు ఎక్కడ, అతను ఎవరిని వదిలి వచ్చాడు, రాత్రి పడుకున్నాక అతనికి ఏం గుర్తొస్తుంది అన్నది సినిమా అడగదు. తెలుగువాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. ఒంగోలు బాప్టిస్టు మిషన్ అనగానే 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి, మిషనరీ జాన్ క్లౌ పేరు చెబుతారు. అంతకు పన్నెండేళ్ల ముందే విశ్వాసం పుచ్చుకుని పల్లె పల్లెకూ నడిచిన ఎర్రగుంట్ల పేరయ్య పేరు ఎంతమందికి తెలుసు? బయటి నుంచి వచ్చినవాడు కథానాయకుడు, నేల తెలిసినవాడు తోడు. మిషనరీ కథల్లో ఇది పాత అలవాటు. 2001లో కూడా ఆ అలవాటు మానకపోవడం నాకు బాధ కలిగించింది. 'గాడ్స్ ఆర్మీ' ఈ తప్పు చేయకపోవడానికి ఒక కారణం కథాస్థలమే. లాస్ ఏంజిల్స్‌లో ఎల్డర్లు ఎవరికీ నాయకులు కారు. ఆ మహానగరానికి వాళ్లు ఉన్నట్టే తెలియదు.

డచర్ సినిమాలో లోపాలు లేవని కాదు. నడవలేని మనిషి మీద చేతులుంచి ప్రార్థిస్తే లేచి నడిచే ఘట్టం ఉంది. నమ్మకం ఉన్నవాళ్లకు అది పరాకాష్ఠ కావచ్చు. కథగా చూస్తే మాత్రం, అంతసేపూ ఓర్పుతో ఒక్కొక్క గడపా ఎక్కి సంపాదించిన నిజాయితీని ఒక్కసారిగా ఖర్చు పెట్టేసినట్టయింది. పాప్స్ మరణం కూడా ముందే తెలిసిపోతుంది. దర్శకుడు చావబోయే మంచివాడి పాత్ర తనకే ఉంచుకోవడంలో కాస్త మమకారం కనిపిస్తుంది. సిస్టర్ మిషనరీలకు కూడా తగినంత చోటు లేదు. తర్వాత 2008లో ఆస్ట్రియా నేపథ్యంగా 'ది ఎర్రండ్ ఆఫ్ ఏంజెల్స్' వచ్చేదాకా ఆడపిల్లల మిషన్ కథ ఈ సినిమాల్లో పక్క వాటాలోనే ఉండిపోయింది.

ఈ రెంటికీ నడుమ నిలిచే సినిమా ఒకటుంది, 2004లో వచ్చిన 'ది బెస్ట్ టూ ఇయర్స్'. స్కాట్ ఆండర్సన్ తన నాటకాన్నే తెరకెక్కించాడు. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ ఊళ్లో నలుగురు ఎల్డర్లు, ఒక అపార్టుమెంటు. వారిలో రోజర్స్ అనేవాడి ప్రియురాలు అతని పాత కంపానియన్‌నే పెళ్లి చేసుకుంది. ఆ దెబ్బకు అతను పని మీద మనసు చచ్చి రోజులు నెట్టుకొస్తుంటాడు. అప్పుడు అమాయకుడు, డచ్ ముక్క సరిగా రాని కాల్హూన్ అతనికి జతగా వస్తాడు. తుపానులు లేవు, అద్భుతాలు లేవు. ఉత్తరం వచ్చిందా లేదా, వంట ఎవరి వంతు, సైకిలు ఎక్కడ పెట్టాం అన్నవే గొడవలు. సినిమా కొంచెం తీపి ఎక్కువే గానీ, వెయ్యి రోజుల్లో మిగిలిన ఆ తొమ్మిది వందలూ ఎలా ఉంటాయో చూడాలంటే ఇక్కడికే రావాలి.

బయటివాళ్లు ఈ కుర్రాళ్లను చూసిన తీరు వేరు. 2011 నాటి బ్రాడ్‌వే సంగీత నాటకం 'ది బుక్ ఆఫ్ మార్మన్' వీళ్లను ఉగాండా పంపించి నవ్వించింది, తొమ్మిది టోనీ అవార్డులు గెలుచుకుంది. 2024లో వచ్చిన 'హెరెటిక్' ఇద్దరు సిస్టర్లను హ్యూ గ్రాంట్ ఇంట్లో బంధించి భయపెట్టింది. తలుపు తెరిచినవాడే ప్రమాదమైతే ఏమవుతుందన్న ఊహ బలమైనదే. కానీ నవ్వుకైనా, భయానికైనా అసాధారణం కావాలి. మామూలు రోజు వాళ్లకూ అక్కరకు రాలేదు.

తీసినవాళ్ల తర్వాతి జీవితాలు కూడా ఈ పోలికలోకి వస్తాయి. గ్రోబర్గ్ 1976 నుంచి 2005 దాకా సంఘంలో ఉన్నతాధికారుల్లో ఒకడిగా ఉన్నాడు. డచర్ 2007లో సంఘాన్ని వీడుతున్నట్టు బహిరంగంగా రాశాడు. కొందరు అది తెలిశాక 'గాడ్స్ ఆర్మీ'ని వేరే కళ్లతో చూస్తున్నారు, కినగర్‌లో దర్శకుణ్ణి వెతుకుతున్నారు. నేను అలా చూడను. ఆ సినిమా తీసిన నాటికి ఆయన లోపలివాడు. పాప్స్ ప్రార్థనలో ఎంత నిజముందో కినగర్ కన్నీళ్లలోనూ అంత నిజముంది. ఇద్దర్నీ ఒకే మనిషి ఒకే ప్రేమతో రాశాడు. విశ్వాసం గురించి ఇంత నిజాయితీగా మాట్లాడిన చిన్న సినిమాను నేను ఈమధ్య చూడలేదు. రెండింట్లో ఒక్కటే చూడగలిగే తీరిక ఉన్నవాళ్లకు దీన్నే చూడమని చెబుతాను.

ఈ సంగతి తెలుగులో రాయడానికి నాకో కారణం ఉంది. సమోవాలో ఉంటూ ఈ సంఘంలో చేరిన ధర్మరాజు దంపతులు 1978లో హైదరాబాదు వచ్చి తమ బంధువుల్లో చాలామందికి ఈ విశ్వాసం అందించారు. సంఘం పవిత్ర గ్రంథం 'బుక్ ఆఫ్ మార్మన్'లోని ఎంపిక చేసిన భాగాలు 1980లలోనే తెలుగులో అచ్చయ్యాయి. దేశంలోనే మొదటి స్టేక్, అంటే పెద్ద ప్రాంతీయ సంఘం, 2012లో ఏర్పడింది హైదరాబాదులోనే. రాజమండ్రి, విశాఖపట్నం, హైదరాబాదు ఇళ్ల నుంచి కుర్రాళ్లు, అమ్మాయిలు ఇప్పుడు బెంగళూరు మిషన్‌కో, న్యూఢిల్లీ మిషన్‌కో వెళ్తున్నారు. అక్కడ వాళ్లు గ్రోబర్గ్‌లు కారు, నేల తెలిసిన ఫెకీలూ కారు. సొంత దేశంలోనే పరాయి భాష మధ్య నిలబడ్డ తెలుగు పిల్లలు. పప్పన్నం కోసం మొహం వాచిన సాయంత్రాలు, హిందీ తడబడిన మధ్యాహ్నాలు, మణిపూర్ నుంచో తమిళనాడు నుంచో వచ్చిన కంపానియన్‌తో వంటగది సర్దుబాట్లు ఉండే ఉంటాయి.

ఆ పిల్లల్లో ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. మీ మిషన్ గురించి రాయండి. పెద్ద సంఘటనలు మీరు చెప్పకపోయినా నిలుస్తాయి, వాటిని సభల్లో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మీరు మాత్రం ఏమీ జరగని ఒక రోజు రాయండి. ఏం వండుకున్నారో, ఎవరు తలుపు తీశారో, ఎవరు తీయలేదో, రాత్రి దీపం ఆర్పాక మీ కంపానియన్ ఏమన్నాడో రాయండి. తెలుగులోనే రాయండి.